ఎవరి భారం ఎంత?
మానసిక ఒత్తిడి, మన అలవాట్లు, మన సంఘం



"టెన్షన్ పెట్టుకోకండి." ఈ మాట డాక్టరు గారి గదిలో వింటాం, ఇంట్లో వింటాం, ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి మెట్ల మీద కూడా వింటాం. చెప్పేవారు మంచి మనసుతోనే చెబుతారు. కానీ ఆ మాట విన్నందువల్ల టెన్షన్ తగ్గినవారు ఎంతమంది? బి.పి. చీటీ చేతిలో పట్టుకొని బయటికి వచ్చిన మనిషికి నెలాఖరు వాయిదా అలాగే ఉంటుంది. రాత్రి డ్యూటీ అలాగే ఉంటుంది. కూతురి పెళ్లికి చేసిన అప్పు అలాగే ఉంటుంది. పైగా "టెన్షన్ పడటం కూడా నా తప్పేనేమో" అన్న దిగులు కొత్తగా చేరుతుంది.

ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. ఒత్తిడి అందరి మీదా సమానంగా పడదు. మనిషి చేసే పని, సంపాదన, అప్పు, కులం, ఆడా మగా అన్న తేడా, వీటిని బట్టి ఒకరి మీద తక్కువ, ఒకరి మీద ఎక్కువ పడుతుంది. ఎక్కువ పడినచోటే బీడీ, మందు, నిద్రలేమి, వేళకు తినకపోవడం కూడా ఎక్కువగా చేరతాయి. కాబట్టి "నీ అలవాటు మార్చుకో" అని చెప్పేముందు "నువ్వు ఏం మోస్తున్నావు?" అని అడగడం ఆసుపత్రి బాధ్యత. అందులో కొంత దించడం సంఘం బాధ్యత.

ఒత్తిడి అంటే శరీరంలో ఏం జరుగుతుంది?

'స్ట్రెస్' అనే మాటను వైద్యంలో ప్రచారంలోకి తెచ్చిన శాస్త్రవేత్త హాన్స్ సెల్యే. ఆయన 1936లో ఈ విషయం మీద మొదటి పత్రం ప్రచురించారు. ఆయన చెప్పినదాన్ని మన మాటల్లో ఇలా అర్థం చేసుకోవచ్చు. వీధి కుక్క వెంటపడితే గుండె దడదడ కొట్టుకుంటుంది, రక్తపోటు పెరుగుతుంది, రక్తంలోకి చక్కెర విడుదలవుతుంది. పరుగెత్తడానికి శరీరం చేసుకునే ఏర్పాటు అది. కుక్క వెళ్లిపోగానే అన్నీ మామూలు స్థితికి వస్తాయి. ఇది దేవుడు మన శరీరంలో పెట్టిన రక్షణ.

కానీ అప్పు కుక్కలాగా ఐదు నిమిషాల్లో వెళ్లిపోదు. పై అధికారి మాటలు, ఇంటి అద్దె, పిల్లల ఫీజు, ఉద్యోగం ఉంటుందో పోతుందో అన్న భయం నెలల తరబడి ఉంటాయి. శరీరం కూడా అన్ని నెలలూ పరుగుకు సిద్ధంగానే ఉండిపోతుంది. అప్పుడే నిద్ర చెడుతుంది, కడుపులో మంట మొదలవుతుంది, తలనొప్పి, విసుగు, కోపం వస్తాయి. బి.పి., షుగర్ అదుపులోకి రావు. 52 దేశాల్లో గుండెపోటు రోగులను పరిశీలించి 2004లో ప్రచురించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం గుండెపోటుకు తొమ్మిది ముఖ్య కారణాలను గుర్తించింది. పొగతాగడం, బి.పి., షుగర్‌లతో పాటు మానసిక ఒత్తిడి కూడా అందులో ఉంది. ఒత్తిడి "ఊరికే మనసులో అనుకునేది" కాదు.

ఒకే బి.పి., రెండు బ్రతుకులు

మన రేణిగుంటలో నలభై ఐదేళ్ల వయసున్న ఇద్దరిని ఊహించుకుందాం. ఇద్దరికీ బి.పి. 150/100 ఉంది. ఇద్దరికీ ఒకే సలహా ఇచ్చారు: ఉప్పు తగ్గించండి, రోజూ అరగంట నడవండి, ఏడు గంటలు నిద్రపోండి, బీడీ సిగరెట్లు మానండి.

మొదటి వ్యక్తిది పర్మనెంటు ఉద్యోగం. ఒంట్లో బాగాలేకపోతే సెలవు పెట్టినా జీతం ఆగదు. ఉదయం నడవడానికి టైము ఉంది, ఇంట్లో విడిగా పడుకోవడానికి గది ఉంది. రెండవ వ్యక్తి కాంట్రాక్టు పని చేస్తాడు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. మిగిలిన వేళల్లో అద్దె ఆటో తీసుకొని స్టేషను నుండి తిరుపతికి యాత్రికులను తిప్పుతాడు. పని మానిన రోజు కూలి లేదు. రాత్రి డ్యూటీ చేసి ఉదయం ఇంటికి వస్తే, రేకుల కప్పు కింద, పిల్లల మధ్య, మే నెల ఎండలో పగటి నిద్ర ఎలా పడుతుంది? నెల తరువాత ఇద్దరూ మళ్లీ చూపించుకోవడానికి వస్తారు. మొదటివారి బి.పి. తగ్గింది, రెండవవారిది తగ్గలేదు. అప్పుడు మనం అనే మాట: "చెప్పినట్టు వినడు."

మనది జంక్షను ఊరు. చెన్నై నుండి ముంబయి వెళ్లే రైలుమార్గం, గూడూరు నుండి కాట్పాడి వెళ్లే మార్గం ఇక్కడ కలుస్తాయి. రాత్రీ పగలూ బండ్లు వస్తూనే ఉంటాయి. చుట్టుపక్కల కర్మాగారాలు షిఫ్టుల్లో నడుస్తాయి. తిరుమల యాత్రికుల కోసం హోటళ్లు, ఆటోలు, జీపులు తెల్లవార్లూ తిరుగుతాయి. అంటే ఊరు పడుకున్నప్పుడు మేలుకొని ఉండే మనుషులు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. వారి ఆరోగ్యాన్ని పగటి ఉద్యోగి కొలతతో కొలవడం న్యాయం కాదు.

ఇది మన ఊరి సంగతి మాత్రమే కాదు. బ్రిటన్ ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసే దాదాపు 18,000 మంది మగ ఉద్యోగులను 1967 నుండి పరిశీలించారు. దాన్ని వైట్‌హాల్ అధ్యయనం అంటారు. వారిలో ఆకలితో ఉన్నవారు లేరు. అందరికీ ఉద్యోగం ఉంది, అందరికీ ప్రభుత్వ వైద్యం ఉంది. అయినా పదేళ్లలో అట్టడుగు హోదాలోని ఉద్యోగుల మరణాల రేటు పై అధికారుల రేటుకు దాదాపు మూడు రెట్లు ఉంది. కింది హోదావారు సిగరెట్లు ఎక్కువ తాగుతారు కాబట్టేనా? ఆ తేడాలో కొంత అందువల్లే. కానీ పొగతాగడం, రక్తపోటు, కొలెస్ట్రాల్ వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా గుండెజబ్బు మరణాల్లో ఆ తేడా సగానికి పైగా మిగిలే ఉంది. తన పని మీద తనకు అధికారం లేకపోవడం, ఎప్పుడూ ఒకరి కింద ఉండటం కూడా మనిషి ఆరోగ్యాన్ని తినేస్తాయని తరువాతి పరిశోధనలు చూపించాయి.

చెరుకు కొట్టకముందు, కొట్టిన తరువాత

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. వేలూరు దాటితే తిరువణ్ణామలై, ఆ పక్కన విళుపురం జిల్లాలు. అక్కడి 54 గ్రామాల్లో 464 మంది చెరుకు రైతులను పరిశోధకులు రెండుసార్లు పరీక్షించారు. చెరుకు కొట్టకముందు ఒకసారి, కొట్టి డబ్బు చేతికి వచ్చాక ఒకసారి. చెరుకు పండించి బెల్లం వండే చిత్తూరు రైతులకు ఈ రెండు కాలాల తేడా వేరే చెప్పనక్కరలేదు. పంట ముందు చేతిలో పైసా ఉండదు, నగలు కుదువలో ఉంటాయి. పంట తరువాత ఇల్లు ఊపిరి పీల్చుకుంటుంది.

ఆ పరీక్షలు చదువుకు సంబంధించినవి కావు. బొమ్మల్లో పోలిక గుర్తించడం, ఒక విషయం మీద మనసు నిలపడం వంటివి. 2013లో ప్రచురించిన ఫలితం ఏమిటంటే, అదే రైతు పంట డబ్బు వచ్చాక బాగా చేశాడు, రాకముందు సరిగా చేయలేకపోయాడు. మనిషి మారలేదు, తెలివి మారలేదు. డబ్బు చింత మనసులో చోటంతా ఆక్రమించుకున్నప్పుడు మిగతా ఆలోచనకు చోటు తగ్గిపోయింది.

ఇప్పుడు మన ఓ.పి.లో కూర్చున్న రోగిని చూడండి. ఏ మాత్ర ఉదయం, ఏ మాత్ర రాత్రి, ఏది తినాలి, ఏది తినకూడదు, మళ్లీ ఎప్పుడు రావాలి, ఇవన్నీ రెండు నిమిషాల్లో చెబుతాం. అతని మనసులో సాయంత్రం కట్టవలసిన వాయిదా తిరుగుతూ ఉంటుంది. మనం చెప్పింది అతనికి ఎక్కకపోతే అది నిర్లక్ష్యం అనుకుంటాం. ఆ మనసులో చోటు లేకపోవడం వల్ల కూడా కావచ్చు.

అలవాటు ఆసరాగా వచ్చి ఉచ్చుగా మారుతుంది

బీడీ ఎందుకు తాగుతావంటే "కొంచెం రిలీఫ్" అంటారు. అది అబద్ధం కాదు, కానీ పూర్తి నిజమూ కాదు. నికోటిన్ ఒంట్లో తగ్గినప్పుడు చిరాకు, దడ పుడతాయి. ఇంకో బీడీ ఆ చిరాకును తగ్గిస్తుంది. అంటే బీడీ తాను పుట్టించిన టెన్షన్‌ను తానే తగ్గించి మంచిపేరు కొట్టేస్తుంది. పొగ మానినవారి మీద జరిగిన 26 అధ్యయనాలను కలిపి 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఒక సమీక్ష ప్రచురించింది. మానినవారిలో ఆందోళన, ఒత్తిడి, దిగులు తగ్గాయని అందులో తేలింది. మొదటి కొన్ని వారాలే కష్టం.

మందు సంగతీ అంతే. తాగితే త్వరగా నిద్ర పడుతుంది. కానీ అర్ధరాత్రి దాటాక నిద్ర తెగిపోతుంది, తెల్లవారికి మనిషి ఇంకా అలసిపోయి లేస్తాడు. రాత్రి డ్యూటీలో నాలుగైదు టీలు తాగినవారికి ఉదయం నిద్ర పట్టకపోవడం కూడా సహజమే. సాయంత్రం తాగిన కాఫీలోని కెఫీన్‌లో దాదాపు సగం ఐదు గంటల తరువాత కూడా ఒంట్లోనే ఉంటుంది. ఇక తిండి. రోజుకు మొత్తం మీద ఒక చిన్న చెంచాడు, అంటే 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కూర చేసుకునే తీరిక లేని ఇంట్లో ఊరగాయే కూర. సంగటిలోకైనా అన్నంలోకైనా ఆ ఉప్పే.

ఇంట్లో తల్లుల విషయం ఇంకా వేరు. అందరికంటే ముందు లేచి, అందరూ తిన్నాక మిగిలింది తిని, అందరి తరువాత పడుకుంటారు. బీడీ, మందు వారికి లేకపోవచ్చు. వారి ఒత్తిడి నడుం నొప్పిగా, తల తిరగడంగా, "ఒళ్లంతా నీరసం డాక్టరమ్మా" అన్న మాటగా బయటికి వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. కాబట్టి నీరసంగా ఉన్న స్త్రీకి "టెన్షన్ వల్ల" అని చెప్పి పంపేముందు రక్తం, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. రక్తహీనతను ఒత్తిడి అనుకోవడం, ఒత్తిడిని రక్తహీనత అనుకోవడం, రెండూ నష్టమే.

అలవాటు కేవలం మనిషి మనోబలానికి సంబంధించినది కాదని మన తెలుగు స్త్రీలే ఒకసారి రుజువు చేశారు. 1992లో మన పొరుగున నెల్లూరు జిల్లా దూబగుంటలో, చదువు నేర్చుకుంటున్న ఆడవారు సారాకు వ్యతిరేకంగా లేచారు. "మా ఆయనకు బుద్ధి చెప్పండి" అని మాత్రమే వారు అడగలేదు. ఊళ్లో సారా అమ్మకమే ఆపాలని అడిగారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారా నిషేధమైంది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధం 1997లో సడలిపోయిన మాట నిజమే. అయినా దూబగుంట స్త్రీలు నేర్పిన పాఠం పోలేదు. మనిషి ఒక్కడే మారాలంటే చాలా కష్టం, అతని చుట్టూ వీధి కూడా మారితే సులువు.

అప్పు, కులం కూడా ఆరోగ్య విషయాలే

2010లో మన రాష్ట్రంలో సూక్ష్మ రుణాల సంక్షోభం వచ్చింది. వారం వారం వాయిదాలు, ఒక్కొక్కరి పేరున రెండు మూడు సంస్థల అప్పులు, వాయిదా కట్టనివారి ఇంటిముందు గ్రూపులోని తోటి ఆడవారే కూర్చోవలసి రావడం, అవమానం తట్టుకోలేక ఆత్మహత్యల వార్తలు, ఇవన్నీ చూశాం. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. అది పత్రికలకు ఆర్థిక వార్త. మన ఆసుపత్రులకు అది ఆరోగ్య వార్త కూడా. ఎందుకంటే వాయిదా రోజు ముందు రాత్రి నిద్రపట్టని తల్లికి ఏ నిద్రమాత్రా అసలు మందు కాదు.

కులం గురించి మాట్లాడటం సంఘంలో మనకు ఇబ్బంది. క్రీస్తులో అందరూ ఒక్కటే అని బోధిస్తాం, అది సత్యం. కానీ అద్దె ఇంటికి వెళ్లినప్పుడు "మీరేమిట్లు?" అన్న ప్రశ్న మన యవ్వనస్థులకు ఇంకా ఎదురవుతోంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కారణంగా క్రైస్తవులైన దళితులకు ఎస్.సి. హోదా లేదు. మన రాష్ట్రంలో వారిని బి.సి.-సి గా లెక్కిస్తారు. అందువల్ల సర్టిఫికెట్‌లో ఒక రకంగా, సంఘంలో ఒక రకంగా బ్రతికే కుటుంబాలు ఉన్నాయి. తనెవరో దాచుకుంటూ బ్రతకడం కూడా ఒక ఒత్తిడే. అది ఏ రక్తపరీక్షలోనూ కనబడదు.

"విశ్వాసం ఉంటే చింత ఉండదు" అనేవారికి

చింతపడవద్దని ప్రభువు కొండ మీద బోధించిన మాట మనకు ఎంతో ఆదరణ. అయితే ఆ మాటను కష్టంలో ఉన్న మనిషి మీద రాయిలా విసరకూడదు. ఏలీయాను చూడండి. కర్మెలు కొండ మీద అంత గొప్ప విజయం చూసిన ప్రవక్త, యెజెబెలు బెదిరింపు వినగానే అరణ్యానికి పారిపోయి, ఒక చెట్టు కింద కూర్చుని చావు కోరుకున్నాడు. అతనికి విశ్వాసం తక్కువైందని దేవుడు ప్రసంగం చేయలేదు. పడుకోనిచ్చాడు. దేవదూత నిద్రలేపి వేడి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ తినిపించాడు. ప్రయాణం అతని శక్తికి మించినదని దూత ఒప్పుకున్నాడు. "ఇక్కడ ఏం చేస్తున్నావు?" అన్న ప్రశ్న ఆ తరువాతే వచ్చింది. నిద్ర, భోజనం, పక్కన ఒకరు. మన సేవకు కూడా ఇదే వరుస కావాలి.

మరి మనిషి బాధ్యత ఏమీ లేదా? తప్పకుండా ఉంది. అన్ని కష్టాలు ఉండి కూడా తాగనివారు, క్రమం తప్పకుండా మాత్రలు వేసుకునేవారు మన మధ్యనే ఉన్నారు. వారికి వందనం. గలతీ పత్రిక ఆరవ అధ్యాయంలో పౌలు రెండు మాటలు దగ్గర దగ్గరగా చెప్పాడు. ఒకరి భారాలు ఒకరు మోయాలన్నాడు, ప్రతివాడూ తన బరువు తానే మోసుకోవాలనీ అన్నాడు. గ్రీకు మూలంలో ఆ రెండు చోట్లా వాడిన పదాలు వేరు. మన తెలుగు బైబిలులో కూడా ఒకచోట భారము, ఒకచోట బరువు అని ఉంది. మాత్ర వేసుకోవడం, బీడీ మానడం, తిన్న తరువాత పది నిమిషాలు నడవడం, ఇవి నా బరువు. నా బదులు ఇంకెవరూ మోయలేరు. అప్పు, అవమానం, రాత్రి డ్యూటీ, ఒంటరితనం, ఇవి ఒక్కడు మోయలేని భారాలు. మనం ఇన్నాళ్లూ మనిషికి రెండూ కలిపి నెత్తిన పెడుతున్నాం. నా అభ్యంతరం అక్కడే.

మన ఆసుపత్రి, మన సంఘాలు చేయదగినవి

1. బి.పి., షుగర్ చూసేటప్పుడు సిస్టరు నాలుగు ప్రశ్నలు అడగాలి: ఏ వేళల్లో పని? ఎన్ని గంటల నిద్ర? ఇంట్లో మీతో ఎవరున్నారు? మనసును ఎక్కువగా వేధిస్తున్నది ఏమిటి? రాత్రి డ్యూటీ వారికి మాత్రల వేళలు, భోజనం వేళలు డాక్టరు గారు విడిగా రాసి ఇవ్వాలి. ముఖ్యంగా షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు తమ షిఫ్టు సంగతి తప్పక చెప్పాలి.

2. చర్చి ఆవరణ గేటు తెల్లవారుజామున ఐదున్నరకే తెరిచి ఉంచాలి. రోడ్డు మీద లారీల మధ్య నడవలేని ఆడవారు, పెద్దవారు అక్కడ క్షేమంగా నడవగలరు. దీనికి పైసా ఖర్చు లేదు.

3. రాత్రంతా జరిగే ప్రార్థనలకు రమ్మని రోగులను, షిఫ్టు పనివారిని బలవంతపెట్టకూడదు. వారు ఇంట్లో నిద్రపోయినా అది దేవుడిచ్చిన విశ్రాంతే. ఉపవాసానికి ముందు షుగర్ రోగులు డాక్టరును అడగాలని కాపరిగారు ప్రకటనలలోనే చెప్పాలి. మాత్రలు మానేశానని చెప్పే సాక్ష్యాన్ని ఎవరూ మెచ్చుకోవద్దు.

4. కానుకలను పేరు పేరున చదవడం, పెళ్లిళ్లలో గొప్పకు పోయి అప్పులు చేయడం తగ్గాలి. సంఘ పెద్దల ఇళ్లలోనే మొదట నిరాడంబరమైన పెళ్లి జరిగితే, పేదవాడు నామోషీ లేకుండా అదే బాటలో నడుస్తాడు.

5. స్త్రీల సమాజం పొదుపు సంఘంగా కూడా పనిచేయవచ్చు. అధిక వడ్డీ అప్పు ఉన్నవారికి బ్యాంకు రుణానికి కాగితాలు రాసిపెట్టే ఒక్క చదువుకున్న యవ్వనస్థుడు సంఘానికి ఉంటే చాలు.

6. తాగుడు మానాలనుకునేవారిని వేదిక మీదికి పిలిచి సిగ్గుపరచవద్దు. సాయంత్రం ఆరు నుండి ఎనిమిది వరకు, అంటే కాళ్లు దుకాణం వైపు లాగే వేళలో, ఇద్దరు సహోదరులు వారితో కూర్చుంటే అదే పెద్ద సేవ. అయితే రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది. డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి తగ్గిపోయి, దేనిమీదా ఆసక్తి లేకుండా, ఊరికే ఏడుపు వస్తుంటే అది మామూలు ఒత్తిడి దాటిపోయి ఉండవచ్చు. 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవారిలో దాదాపు పదిమందిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. వారిలో ఎక్కువమందికి చికిత్స అందడం లేదు. చావు గురించిన ఆలోచనలు వస్తే ఆ రోజే చెప్పండి. 2022 నుండి నడుస్తున్న ప్రభుత్వ టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా, ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఛాతీలో నొప్పి, ఆయాసం, చెమటలు వస్తే మాత్రం "టెన్షనే" అనుకొని కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి రండి.

ఈ ఆదివారం ఆరాధన తరువాత మీ పక్కన కూర్చున్నవారిని "బాగున్నారా?" అని అడుగుతారు కదా. వారు "బాగున్నాం" అన్నాక వెంటనే వెళ్లిపోకండి. ఇంకో ప్రశ్న అడగండి: "రాత్రి నిద్ర పడుతోందా?" ఆ జవాబు వినే ఓపిక మనకుంటే, ఎవరి భారం ఎంతో తెలుస్తుంది. తెలిసిన తరువాత ఒక కొస మనం పట్టుకోవచ్చు.

ప్రభువు మిమ్మును, మీ కుటుంబాలను ఆరోగ్యంతో ఆశీర్వదించును గాక.